చెరువులో ఎనుము... ఫోన్లో బయానా!

గోరంట్ల సంతలో ఎద్దులు కొనే రైతును ఒకసారి గుర్తు తెచ్చుకోండి. అది మీరే కావచ్చు, మీ నాయన కావచ్చు. జత కంటికి నచ్చినంత మాత్రాన బేరానికి దిగరు. ముందు దూరంగా నిలబడి నడక చూస్తారు. తర్వాత దగ్గరికొచ్చి నోరు తెరిచి పళ్ళు లెక్కపెడతారు. మెడ మీద కాడి మచ్చ తడిమి చూస్తారు. గిట్టలు చూస్తారు, సుడులు చూస్తారు. కాడి కట్టి నాలుగడుగులు తోలి చూస్తారు. అప్పటికీ మనసు కుదరకపోతే తెలిసిన పెద్దమనిషిని పిలిచి 'నువ్వొకసారి చూడప్పా' అంటారు. ఆ తర్వాతే టవలు కింద చేతులు కలుస్తాయి. బేరం తెగాకే బయానా.

ఇంత జాగ్రత్త ఉన్న రైతు ఈపొద్దు ఫోన్లో ఒక ఫొటో చూసి, ముఖం తెలియని మనిషికి, పేరు వినని ఊరికి వేలకు వేలు పంపిస్తున్నాడు. ట్రాక్టరుకు బయానా, ఎనుముకు బయానా, పాత మోటారుకు బయానా. సరుకు రాదు. ఫోను ఎత్తరు. డబ్బు మాత్రం పోతుంది.

ఎనుమును చెరువులో ఉంచి ఒడ్డున బేరమాడినట్టు అని మన పెద్దలు నవ్వేవాళ్ళు. నీళ్ళలో ఉన్న ఎనుముకు కొమ్ములు తప్ప ఏం కనిపిస్తుంది? కాలు కుంటిదో, పొదుగు ఎండిందో ఎవరికి తెలుసు? ఫోన్లో ప్రకటన చూసి సెకండ్ హ్యాండు సామాను కొనడమూ అంతే. ఇంకా చెప్పాలంటే, అక్కడ చెరువులో ఎనుమైనా ఉంది. ఇక్కడ చాలాసార్లు ఎనుమే ఉండదు.

46 వేలు పోగొట్టుకున్న తమ్ముడు

2025 జూన్‌లో జరిగిన సంగతి ఇది. నాలుగెకరాల మెట్ట, మూడెకరాల కౌలు చేసే ఒక రైతు మా ఆఫీసుకు వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. 'అన్నా, పేరు రాయొద్దు, ఊరు రాయొద్దు. కానీ ఇది మాత్రం రాయి' అన్నాడు. మాటిచ్చాను కాబట్టి పేరూ ఊరూ రాయడం లేదు.

వాన పడింది. పదును మీద వేరుశనగ విత్తనం వేయాలి. ఊళ్ళో ట్రాక్టరు బాడుగకు వరస కట్టి ఎదురుచూడాలి. తన వంతు వచ్చేలోపు పదును ఆరిపోతుంది. పోయినేడు అట్లాగే ఆరిపోయింది. ఈసారి ఎలాగైనా పాత ట్రాక్టరు ఒకటి కొనుక్కోవాలనుకున్నాడు. టౌన్లో పాత బండ్లు అమ్మేవాళ్ళ దగ్గర రెండున్నర లక్షలకు తక్కువ చెప్పలేదు. రాత్రి ఫోన్లో వెతికితే 2016 మోడల్ ట్రాక్టరు కనిపించింది. ధర రూ. 1,35,000. ఫొటోలు అద్దంలా ఉన్నాయి.

ఫోన్ చేస్తే అవతలివాడు మిలిటరీలో పనిచేస్తున్నానన్నాడు. సికింద్రాబాద్ నుంచి కాశ్మీరుకు బదిలీ అయిందట. రెండు రోజుల్లో పోవాలి, అందుకే తక్కువకు ఇస్తున్నానన్నాడు. అడగక ముందే గుర్తింపు కార్డు, ఆధార్ కార్డు, యూనిఫాంలో ఉన్న ఫొటో పంపాడు. 'జవాను అబద్ధం చెప్తాడా అన్నా?' అని ఆ తమ్ముడు నన్నడిగాడు.

ముందు బుకింగు కింద రూ. 2,100 కట్టించుకున్నాడు. మర్నాడు లారీలో ఎక్కించిన ఫొటో పంపి రవాణా ఖర్చు రూ. 8,500 అన్నాడు. దారిలో ఉన్నదని చెప్పి పన్ను కింద రూ. 14,999 అడిగాడు. బండి దింపగానే ఇది వెనక్కి వస్తుందన్నాడు. చివరికి గేట్ పాస్ గడువు దాటిపోయింది, రూ. 21,000 కట్టకపోతే బండి వెనక్కి పోతుందని బెదిరించాడు. అప్పటికే కట్టింది పోతుందేమోనన్న భయంతో అదీ కట్టాడు. మొత్తం రూ. 46,599. ఆ తర్వాత ఫోన్ మూగబోయింది.

ఆ డబ్బు భార్య కమ్మలు కుదువపెట్టి తెచ్చినది. 19 రోజులు ఇంట్లో చెప్పలేదు. పోలీసులకూ చెప్పలేదు. 'చెప్తే నవ్వుతారన్నా' అన్నాడు. ట్రాక్టరు రాలేదు, పదును పోయింది, కమ్మలు పోయాయి. అన్నింటికంటే ఆ 19 రోజుల మౌనమే అతన్ని ఎక్కువ తినేసింది.

ఇది అత్యాశ కాదు, అవసరం

ఇలాంటి కథ విన్నప్పుడు చాలామంది ఒకే మాట అంటారు. 'ఆశకు పోయాడు, అనుభవించాడు' అని. నేనీ మాట ఒప్పుకోను. కొత్త ట్రాక్టరు కొనే స్తోమతు లేని రైతు పాతది వెతుక్కోవడం ఆశ ఎట్లా అవుతుంది? సన్నకారు రైతు బతుకే సెకండ్ హ్యాండు మీద నడుస్తోంది. పాత మోటారు, పాత పైపులు, పాత స్ప్రేయరు, పాత మోటారు సైకిలు. చేతిలో ఉన్న నాలుగు రూపాయలతో పని జరగాలని చూసుకోవడం తెలివైన పనే.

మోసగాడు పట్టుకునేది మన అవసరాన్ని, అందులోని తొందరను. వాన పడిన వారం, పంట అమ్మిన వారం, పిల్లల కాలేజీ చేరికల వారం... మనిషి నిదానంగా ఆలోచించే సమయం కాదు. వాడు కూడా 'రెండు రోజులే', 'ఇంకొకరు అడుగుతున్నారు' అంటూ మన తొందరకు తన తొందర కలుపుతాడు. రెండు తొందరలు కలిసిన చోట జేబు ఖాళీ.

ఆన్‌లైన్ ప్రకటనలు పూర్తిగా మానేయమని నేను చెప్పడం లేదు. ఓఎల్‌ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ లాంటివి వచ్చాక దళారీ లేకుండా కొన్నవాళ్ళు, అమ్మినవాళ్ళు మన ఊళ్ళల్లోనే ఉన్నారు. ఏ మోడల్ ఎంత పలుకుతోందో ఇంట్లో కూర్చొని తెలుసుకోవచ్చు. అయితే అవి సంత మైదానం లాంటివి. మైదానం మీద ఎవరు ఏం తెచ్చి అమ్మినా మైదానం పూచీ పడదు. పళ్ళు లెక్కపెట్టుకోవలసింది మనమే.

వల ఎట్లా వేస్తారు?

ఈ మోసాలన్నింటికీ వరస ఒకటే. తెలుసుకుంటే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోవచ్చు.

మొదటిది ధర. మార్కెట్టులో ఉన్నదానికి సగమో, సగం కంటే కొంచెం ఎక్కువో ఉంటుంది. రెండోది యూనిఫాం. సైన్యమనో, పారామిలిటరీ అనో చెబుతారు. గుర్తింపు కార్డు ఫొటో పంపుతారు. ఆ కార్డు నిజమైన జవానుదే కావచ్చు. అతని కాగితాలు ఎక్కడో దొంగిలించి వాడుతుంటారు. పాపం ఆ జవానుకు తన పేరు మీద ట్రాక్టర్లు అమ్ముడుపోతున్నాయని తెలియనే తెలియదు. అసలు సంగతి ఒకటుంది. అమ్మేవాడు అడగక ముందే కార్డులు పంపుతున్నాడంటేనే అనుమానించాలి. సంతలో ఎద్దులు తెచ్చినవాడు ముందు ఎద్దుల్ని చూపిస్తాడు గానీ తన రేషన్ కార్డు చూపిస్తాడా?

మూడోది, చూడనివ్వకపోవడం. 'కంటోన్మెంటులోకి బయటివాళ్ళను రానివ్వరు', 'నేను డ్యూటీలో ఉన్నా', 'బండి పార్సిల్‌లో పంపిస్తా' అంటారు. నాలుగోది, చిన్న మొత్తం. రెండు వేలే కదా అని కడతాం. అక్కడే పగ్గం మెడలో పడుతుంది. తర్వాత ప్రతిసారీ 'ఇది కడితే వెనక్కి వస్తుంది' అంటారు. పోయిన రెండు వేల కోసం ఎనిమిది వేలు, పోయిన ఎనిమిది వేల కోసం పదిహేను వేలు. జూదంలో పోయినదాన్ని జూదంలోనే రాబట్టుకోవాలని చూసినట్టు.

కాబట్టి ఒక గీత గీసుకోండి. వస్తువు మన ముందు నిలబడేదాకా పైసా కూడా కట్టకూడదు. బుకింగు పేరుతో అడిగినా, రవాణా, పన్ను, గేట్ పాస్ అని అడిగినా సమాధానం ఒక్కటే. 'నేను వచ్చి చూస్తా, చూశాకే డబ్బు.' నిజంగా అమ్మేవాడు రమ్మంటాడు. మోసగాడు కోపం తెచ్చుకుంటాడు. ఆ కోపమే మీకు రుజువు.

నేనూ మోసపోయాను

ఇంత చెబుతున్నవాడు తెలివిగలవాడేమో అనుకోకండి. 2024లో మా ఇంట్లో పాత స్కూటరు అమ్మాలని ఫోన్లో ప్రకటన పెట్టాను. రూ. 12,000 అని రాశాను. గంటలో ఒకడు ఫోన్ చేశాడు. బండి ఎట్లా ఉంది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అని అడగలేదు. నేను చెప్పిన ధరకే సరేనన్నాడు. బేరమాడకుండా కొనేవాణ్ణి సంతలో మీరెప్పుడైనా చూశారా? నేనూ చూడలేదు. అయినా ఆ క్షణంలో సంతోషమే వచ్చింది, అనుమానం రాలేదు.

'ముందు అయిదు రూపాయలు పంపుతా, వచ్చిందేమో చూడండి' అన్నాడు. వచ్చింది. నమ్మకం కుదిరింది. 'ఇప్పుడు సగం డబ్బు పంపుతున్నా, ఈ కోడ్ స్కాన్ చేసి మీ పిన్ కొట్టండి, మీ ఖాతాలో పడుతుంది' అన్నాడు. చేశాను. ఖాతాలో పడలేదు, ఖాతాలోంచి రూ. 6,000 పోయింది. 'పొరపాటయింది, ఇంకోసారి చెయ్యండి' అన్నాడు. అప్పుడు తెలివొచ్చింది. పత్రికలో పదిమందికి జాగ్రత్తలు చెప్పేవాణ్ణి, ఇంట్లో చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. అందుకే ఆ తమ్ముడి 19 రోజులు నాకు అర్థమయ్యాయి.

అమ్మేవాళ్ళు ఈ ఒక్క ముక్క గోడ మీద రాసి పెట్టుకోండి: డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. యూపీఐ పిన్ కొట్టామంటే మన ఖాతాలోంచి డబ్బు పోతున్నట్టే. మన ఖాతాలోకి రావాలంటే మనం ఏమీ స్కాన్ చేయక్కర్లేదు, ఏమీ నొక్కక్కర్లేదు. ఇదివరకు మోసగాళ్ళు 'కలెక్ట్ రిక్వెస్ట్' అని పంపి డబ్బు లాగేవాళ్ళు. వ్యక్తుల మధ్య అలాంటి రిక్వెస్టులను 2025 అక్టోబరు 1 నుంచి ఆపేశారు. మంచిదే. కానీ స్కాన్ చేయించే కోడ్ మోసానికి అది అడ్డు కాదు. ఆ దారి ఇంకా తెరిచే ఉంది.

ఇంకొక మాట. డబ్బు పంపామని ఫోన్లో ఫొటో చూపిస్తే, మెసేజ్ చూపిస్తే సామాను అప్పగించకండి. అలాంటి ఫొటోలు తయారు చేయడం పెద్ద పని కాదు. మీ బ్యాంకు ఖాతాలో నిల్వ పెరిగిందో లేదో మీరే చూసుకోండి. ఖాతాలో కనిపించాకే తాళం చెవి ఇవ్వండి.

ట్రాక్టరుకూ పళ్ళు లెక్కపెట్టాలి

వస్తువు కళ్ళ ముందు ఉన్నంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. నిజంగా ఉన్న బండితో చేసే మోసాలు వేరే ఉన్నాయి.

ట్రాక్టరు చూడటానికి పొద్దున్నే పోండి. ఒక్కరే పోవద్దు, మీకు తెలిసిన మెకానిక్కును తీసుకుపోండి. అతనికిచ్చే నాలుగైదు వందలు దండగ కాదు. పోగానే ముందు ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మీరు వచ్చేలోపే స్టార్టు చేసి పెట్టారన్నమాట. చల్లటి ఇంజన్ ఒక్క దెబ్బకు స్టార్టు కావాలి. పొగ నీలంగా వస్తుంటే ఇంజన్ ఆయిల్ మండుతోందని అర్థం, బోరు పని ఉంటుంది. రేడియేటరు మూత తీసి నీళ్ళలో నూనె తేలుతోందేమో చూడండి. హైడ్రాలిక్ లిఫ్టుకు గొర్రు తగిలించి ఎత్తి, పది నిమిషాలు అట్లాగే వదిలేయండి. నిలబడాలి, జారకూడదు. పీటీవో తిప్పి చూడండి. క్లచ్చు, బ్రేకు, స్టీరింగు ఆట చూడండి. వెనక టైర్లు అరిగి ఉంటే వాటి ఖరీదు బేరంలో తగ్గించుకోండి, అది చిన్న మొత్తం కాదు. మీటరులో గంటలు తక్కువ ఉన్నాయని మురిసిపోకండి. దాన్ని మార్చడం వాళ్ళకు తెలుసు. పెడళ్ళ అరుగుదల చూడండి, అది అంత తేలిగ్గా అబద్ధం చెప్పదు.

ఇక కాగితాలు. జిరాక్సులు వద్దు, ఒరిజినల్ ఆర్‌సీ అడగండి. ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు బండి మీద చెక్కిన నంబర్లతో ఒక్కొక్క అంకె సరిచూసుకోండి. గీకినట్టో, మళ్ళీ కొట్టినట్టో ఉంటే ఆ బండి జోలికి పోవద్దు. దొంగ బండి కొంటే బండీ పోతుంది, స్టేషను చుట్టూ తిరగడం మిగులుతుంది. ఆర్‌సీలో ఉన్న పేరు గల మనిషి మీ ముందు ఉండాలి. 'మా బావది, మా మామది' అంటే ఆ బావనో, మామనో పిలిపించమనండి. ట్రాలీకి వేరే రిజిస్ట్రేషన్ ఉంటుంది, అదీ చూడండి.

మన దగ్గర ఎక్కువ మంది దెబ్బ తింటున్నది అప్పు ఉన్న బండ్లతో. ట్రాక్టర్లలో చాలావరకు బ్యాంకు అప్పుతోనో, ఫైనాన్సు కంపెనీ అప్పుతోనో కొన్నవే. ఆ అప్పు తీరేదాకా ఆర్‌సీలో హైపోథికేషన్ అని రాసి ఉంటుంది. అది ఉండగా కొంటే వాయిదాలు ఎగ్గొట్టింది వాడు, బండి పోయేది మనకు. అప్పు తీరిందంటే బ్యాంకువాళ్ళు ఇచ్చే కాగితం, వాళ్ళు సంతకం చేసిన ఫారం 35 ఉండాలి. నోటి మాట చెల్లదు. అనుమానంగా ఉంటే బండి నంబరు రాసుకొని ఆర్టీవో ఆఫీసుకు పోయి అడగండి. రవాణాశాఖ వెబ్‌సైట్లోనూ బండి నంబరు కొట్టి చూడవచ్చు. ఫోను వాడటం తెలిసిన పిల్లలకు చెబితే అయిదు నిమిషాల పని.

బేరం కుదిరితే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు చేయించుకోండి. పక్క రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌ఓసీ కావాలి, అది ఫారం 28. మన జిల్లాకు కర్ణాటక ఆనుకొని ఉంది కాబట్టి ఈ మాట మనకు మరీ ముఖ్యం. అక్కడ బండి తక్కువకు వస్తుంది గానీ ఎన్‌ఓసీ లేకపోతే ఆ బండి ఎప్పటికీ మీ పేరు మీదికి రాదు. కొన్నవాళ్ళు 30 రోజుల లోపల పేరు మార్పుకు దరఖాస్తు పెట్టుకోవాలి. బీమా కూడా 14 రోజుల లోపల మీ పేరు మీదికి మార్పించుకోమని చట్టం చెబుతోంది.

అమ్మేవాళ్ళకూ ఇక్కడ ఒక హెచ్చరిక. 'కాగితాలు తర్వాత మార్చుకుంటాలే' అని కొన్నవాడంటే ఊరుకోవద్దు. ఆర్టీవో పుస్తకంలో ఎవరి పేరుంటే వాళ్ళే యజమాని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత ఆ పేరు గలవాళ్ళదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. బండి అమ్మేసి నిద్రపోతుంటే, రెండేళ్ళ తర్వాత ఎక్కడో జరిగిన ప్రమాదానికి మీకు నోటీసు రావచ్చు. అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల లోపల, బయటి రాష్ట్రానికి అమ్మితే 45 రోజుల లోపల ఆర్టీవోకు తెలియజేయాలి. అది అమ్మినవాడి పని.

వీడియోలో పాలు పితకరాదు

పాడి ఎనుముల సంగతి ఇంకొక ఎత్తు. ఫోన్లో వీడియోలు వస్తాయి. ముర్రా ఎనుము, పూటకు పది లీటర్లు, బకెట్టు నురగతో నిండిపోతుంటుంది. ధర చూస్తే మన సంతలో నాటు ఎనుముకు చెప్పే ధర. హర్యానా నుంచి లారీలో పంపిస్తాం, సగం బాడుగ ముందు కట్టండి అంటారు. కట్టాక లారీ రాదు. ఆ వీడియో కూడా వాళ్ళది కాదు, వేరే ఎవరో పెట్టినదాన్ని ఎత్తుకొచ్చింది.

ఎనుము నిజంగా ఉన్నా సరే, ఒక పూట పాలు చూసి కొనొద్దు. ముందు పూట పితకకుండా ఆపి, మర్నాడు నిండు పొదుగు చూపించడం పాత విద్య. అందుకే వరసగా రెండు మూడు పూటలు మీ కళ్ళ ముందు పితికించుకోండి. నాలుగు చన్నుల్లోనూ ధార సమంగా రావాలి. పాలలో గడ్డలు, చీము కనిపిస్తే పొదుగువాపు ఉన్నట్టే. చూడి అని చెబితే పశువుల డాక్టరుతో పరీక్ష చేయించాకే ఒప్పుకోండి. చెవికి పసుపుపచ్చ ట్యాగు ఉంటే దాని మీద 12 అంకెల నంబరు ఉంటుంది. ఆ నంబరు పశువుల ఆసుపత్రిలో చూపిస్తే నమోదు ఎవరి పేరు మీద ఉందో, టీకాలు ఎప్పుడు వేశారో తెలిసే వీలుంది.

పాత మోటార్లు, స్ప్రేయర్లు, ఫోన్లు కొనేటప్పుడూ ఇదే సూత్రం. మోటారును నీళ్ళు పోసే దాకా తిప్పి చూడండి. వైండింగు రాగిదో అల్యూమినియందో విప్పి చూపించమనండి. సెల్‌ఫోన్ కొంటే బిల్లు, పెట్టె అడగండి. బిల్లు లేని ఫోను దొంగ ఫోను అయితే పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది మీ ఇంటికే.

డబ్బు పోతే మొదటి గంట విలువ

ఇన్ని చెప్పినా ఎవరో ఒకరు మోసపోతారు. నేను పోలేదా? పోయిందని తెలిసిన వెంటనే ఏడుస్తూ కూర్చోవద్దు. 1930కు ఫోన్ చేయండి. సైబర్ మోసాలకు దేశమంతటికీ ఇదే నంబరు. మన డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకొక ఖాతాకు, అక్కడి నుంచి మరో నాలుగు ఖాతాలకు నిమిషాల్లో పరుగెత్తుతుంది. మోసగాడు దాన్ని బయటకు తీసేలోపు చెబితే ఆ ఖాతాలో అలాగే ఆపే అవకాశం ఉంది. గంట దాటితే ఆ అవకాశం సన్నగిల్లుతుంది. చేలో నీళ్ళు గట్టు తెంచుకుంటే ఏం చేస్తాం? ఎవరు తెంచారని తర్వాత విచారిస్తాం, ముందు మట్టి వేస్తాం. ఇదీ అంతే.

ఫోన్ చేసేటప్పుడు మీ ఖాతా నంబరు, డబ్బు పోయిన సమయం, మొత్తం, మెసేజ్‌లో ఉండే లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకోండి. మీ బ్యాంకుకూ వెంటనే చెప్పండి. కేంద్ర హోంశాఖ నడిపే సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. మోసగాడితో మాట్లాడిన మెసేజ్‌లు, వాడు పంపిన ఫొటోలు, ప్రకటన పేజీ ఏదీ చెరిపేయకండి. అవే సాక్ష్యాలు. కోపంతో అన్నీ తుడిచేసి స్టేషనుకు పోతే చూపించడానికి ఏమీ ఉండదు.

మోసానికి భారతీయ న్యాయ సంహితలో 318 సెక్షన్ ఉంది. ఫోన్లో, కంప్యూటర్లో వేరే మనిషినని నమ్మించి మోసం చేస్తే ఐటీ చట్టం 66-డి కింద మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. 'ఇది మా పరిధి కాదు, ఆ స్టేషనుకు పో' అంటే జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయమని అడగండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం ప్రకారం నేరం ఏ ప్రాంతంలో జరిగినా సమాచారం తీసుకోవలసిందే. గట్టిగా అడగండి, మర్యాదగా అడగండి.

ఒక హెచ్చరిక కూడా. డబ్బు పోయినవాళ్ళకు కొన్నాళ్ళకు ఇంకో ఫోన్ వస్తుంది. 'మేము సైబర్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, మీ డబ్బు దొరికింది, ఫీజు కట్టండి' అంటారు. ఒకసారి కరిచిన పామే రెండోసారి వచ్చిందని తెలుసుకోండి. ఫిర్యాదుకు ఫీజు లేదు.

సిగ్గు పడాల్సింది ఎవరు?

నా అభిప్రాయం చెప్పి ముగిస్తాను. ఈ మోసం బతుకుతున్నది మన మౌనం మీద. రచ్చబండ దగ్గర ఒకడు 'నేనిట్లా మోసపోయాను' అని నోరు విప్పితే పదిమంది జాగ్రత్త పడతారు. వాడు నోరు మూసుకుంటే అదే మోసగాడు, అదే ట్రాక్టరు ఫొటోతో పక్కింటివాడికే ఫోన్ చేస్తాడు. సంతలో కుంటి ఎద్దును అంటగట్టినవాడి పేరు మనవాళ్ళు పది ఊళ్ళకు చాటుతారు. సిగ్గు అమ్మినవాడికే గానీ కొన్నవాడికి కాదని అక్కడ అందరికీ తెలుసు. ఫోన్ మోసం దగ్గరికి వచ్చేసరికి ఆ సిగ్గును మనం మన నెత్తిన ఎందుకు వేసుకోవాలి?

అధికారులనూ ఒక మాట అడగాలి. విత్తనం కల్తీ అని, ఎరువు కల్తీ అని ఊరూరా బోర్డులు పెడతారు. అదే రైతు సేవా కేంద్రం గోడ మీద 1930 నంబరు, 'డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు' అన్న ముక్క రాయడానికి డబ్బా పెయింటు చాలు. పాత ట్రాక్టర్లు, పనిముట్లు అమ్మేవాళ్ళనూ కొనేవాళ్ళనూ విత్తనాల కాలానికి ముందే మార్కెట్ యార్డులో ఒకచోట చేర్చి, ఆర్టీవో సిబ్బందిని, ఒక మెకానిక్కును కూర్చోబెడితే ఎంత మేలు! పశువులకు సంత ఉన్నప్పుడు పాత ట్రాక్టరుకు సంత ఎందుకు ఉండకూడదు? అలాంటిది లేకనే కదా రైతు రాత్రిపూట ఫోన్లో వెతుక్కుంటున్నాడు.

అవి వచ్చినప్పుడు వస్తాయి. అందాకా మన జాగ్రత్త మన చేతిలో ఉంది. ఏట్లో పారేసినా ఎంచి పారెయ్యమన్నారు పెద్దలు. ఫోన్లో పంపే ముందు ఒక్క రాత్రి ఆగండి. ఇంట్లో ఆడవాళ్ళతో చెప్పండి, చదువుకున్న పిల్లలకు చూపించండి, పక్కింటి పెద్దాయన్ను అడగండి. తెల్లారేసరికి ఆ బండి ఇంకెవరికో అమ్ముడుపోతే పోనివ్వండి. దున్నడానికి ఇంకో బండి దొరుకుతుంది. భార్య కమ్మలు మళ్ళీ చేయించడానికి ఎన్ని పంటలు పండాలో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఎనుము చెరువులోంచి గట్టుకు వచ్చేదాకా బయానా జేబులోనే ఉంచండి.